మామ్మ గారు అడిగిన ప్రశ్న: యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ



మొన్నటి సైన్స్ ఎగ్జిబిషన్‌లో ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు యల్లాప్రగడ సుబ్బారావు గారి మీద చార్టు పెట్టాడు. మధ్యలో ఫొటో, చుట్టూ బాణాలు, ఒక్కో బాణం చివర ఒక్కో పేరు. ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ, ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్, హెట్రజాన్. వచ్చినవాళ్లందరికీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చివర్లో వాళ్ల మామ్మ గారు వచ్చి, ఇవన్నీ సరే గానీ ఇంతకీ ఆయన ఏం చేశాడురా అని అడిగారు. వాడు మళ్లీ మొదటి బాణం నుంచి మొదలుపెట్టాడు. ఆవిడ నవ్వి, అవి పేర్లు నాన్నా, నేను అడిగింది పని గురించి అన్నారు. వాడు నా వైపు చూశాడు. నిజం చెప్పాలంటే ఆ చూపుకి నా దగ్గర కూడా వెంటనే జవాబు లేదు. ఆ పేర్లు వాడికి నేర్పింది మేమే మరి. బిట్ పేపర్లో అడిగేది పేరే కాబట్టి పేరు దగ్గరే ఆగిపోయాం.

అందుకే ఈ నెల ఈ పేజీలో సుబ్బారావు గారి జీవితాన్ని మామ్మ గారికి చెప్పాల్సిన పద్ధతిలో చెప్పే ప్రయత్నం చేస్తున్నాను. పరిశోధన ఎంత గొప్పదైనా దాన్ని ఎవరో ఒకరు కథగా చెప్పకపోతే ఏమవుతుందో తెలియడానికి మన జిల్లాల్లో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలిసి లేదు. ఆయన మందు వేసుకోని ఇల్లు గోదావరి ప్రాంతంలో దాదాపు ఉండదు. మీ బిడ్డ కడుపులో ఉన్నప్పుడు డాక్టరు రాసిన ఫోలిక్ యాసిడ్ మాత్ర గుర్తుందా? బోదకాలు రాకుండా ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి, తమ ఎదుటే మింగమని ఇచ్చిన మాత్రలు గుర్తున్నాయా? ఆ రెండింటి వెనకా ఈయన ఉన్నారు. అయినా వీధిలో పదిమందిని ఆపి అడిగితే ఆయన ఎవరో చెప్పేవాళ్లు తక్కువ.

భీమవరం నుంచి బోస్టన్‌కి

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో పనిచేసేవారు. అనారోగ్యం వల్ల ఉద్యోగం ముందుగానే వదులుకోవాల్సి వచ్చింది. తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో సుబ్బారావు నాలుగోవాడు. ఇంట్లో డబ్బు లేదు. చదువు మీద తల్లికి ఉన్నంత పట్టుదల కొడుక్కి అప్పట్లో లేదు. పదమూడేళ్లప్పుడు ఇంట్లోంచి పారిపోయి, కాశీకి వచ్చే యాత్రికులకి అరటిపళ్లు అమ్మి సంపాదించాలని బయల్దేరితే, వెంకమ్మ గారు వెనక్కి తీసుకొచ్చి బడికి పంపించారని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు.

చదువు రాజమండ్రిలో సాగింది. సాగింది అనడం కన్నా తడబడింది అనాలి. దగ్గరివాళ్లు ఒకరి తర్వాత ఒకరు జబ్బుచేసి పోతుంటే ఆ పిల్లాడి మనసు పుస్తకం మీద నిలవలేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు పోయింది. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి రాసి గట్టెక్కాడు. పిల్లలకి ఈ ముక్క చెప్పేటప్పుడు మనం తొందరపడి, చూశావా ఫెయిలైనవాడే పెద్ద శాస్త్రవేత్త అయ్యాడు అనేస్తాం. ఫెయిలైనందువల్ల ఆయన శాస్త్రవేత్త కాలేదు. ఇంట్లో చావులు చూస్తున్న పిల్లాడు పరీక్షలో ఏం రాస్తాడని ఎవరో ఒకరు ఆగి ఆలోచించారు, మూడో అవకాశం ఇచ్చారు. నాకైతే కథ అక్కడుంది.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివారు. లెక్కల్లో దిట్ట. సన్యాసం తీసుకుని రామకృష్ణ మిషన్‌లో చేరాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. మిషన్ పెద్దలు కూడా వైద్యం చదివితే సేవకి పనికొస్తావని చెప్పడంతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీ గారి పిలుపు విని ఖద్దరు కట్టుకుని తరగతికి వెళ్లడం శస్త్రచికిత్స ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి నచ్చలేదు. పరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ రాలేదు, దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఈ పట్టా సంగతి గుర్తుపెట్టుకోండి, బోస్టన్‌లో మళ్లీ అడ్డొస్తుంది.

1919లో శేషగిరి గారితో పెళ్లయింది. ఆ రోజుల్లోనే స్ప్రూ అనే జబ్బు ఇంటి మీద పడింది. స్ప్రూ వస్తే తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, నోరు పూస్తుంది, రక్తం పలచబడిపోయి మనిషి ఎండిపోతాడు. అన్నదమ్ములు పురుషోత్తం, కృష్ణమూర్తి ఎనిమిది రోజుల తేడాతో పోయారు. సుబ్బారావు గారికీ అదే జబ్బు సోకింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. తర్వాత మద్రాసులో లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం చెప్పారు.

1922లో అమెరికా ప్రయాణం. మామగారు కొంత సర్దారు. కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కొంత ఇచ్చింది. అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో సీటయితే ఉంది గానీ, చేతిలో ఉన్న పట్టాకి అక్కడి ఆసుపత్రిలో డాక్టరు పని ఇవ్వరు. పగలు చదువు, రాత్రి ఒక ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్లు కడిగే పని. భీమవరంలో ఉన్నవాళ్లకి ఈ సంగతి ఎంతవరకు రాశారో ఊహించుకోవచ్చు.

నీలం రంగు ఎందుకు ఆలస్యమైంది

మామ్మ గారు అడిగిన పని ఇక్కడ మొదలవుతుంది. కాస్త నెమ్మదిగా వెళదాం.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్ దగ్గర సుబ్బారావు గారికి చోటు దొరికింది. అప్పిచ్చిన పని చూడ్డానికి చాలా చిన్నది. రక్తంలో, మూత్రంలో, కండలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవాలి. అప్పటికి ఉన్న పద్ధతులు నమ్మదగినవి కావు. ఫాస్ఫరస్ ఉన్న ద్రవానికి మాలిబ్డేట్ అనే రసాయనం కలిపి, మరో పదార్థం చుక్కలు వేస్తే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎక్కువుంటే ముదురు నీలం, తక్కువుంటే లేత నీలం. చాకలి నీలిమందు నీళ్లలో ఎంత కలిపామో రంగు చూసి చెప్పినట్టే. ఆ రంగు స్థిరంగా, త్వరగా, ప్రతిసారీ ఒకేలా వచ్చే మార్గాన్ని వీళ్లిద్దరూ కనిపెట్టారు. 1925లో అచ్చయింది. ఫిస్క్-సుబ్బారో పద్ధతి అని ప్రపంచంలోని బయోకెమిస్ట్రీ విద్యార్థులు తరతరాలుగా చేస్తూనే ఉన్నారు. మన ఊరి పేరు కాదు గానీ, మన ఊరి మనిషి పేరు ప్రయోగశాలల్లో అలా రోజూ వినబడుతోంది.

ఇప్పుడు చిన్న చిక్కు. కండ నుంచి తీసిన ద్రవంతో ఈ పరీక్ష చేస్తే నీలం వెంటనే రాలేదు. మెల్లగా, నిమిషాలు గడిచే కొద్దీ చిక్కబడుతూ వచ్చింది. మన పిల్లలయితే ఏం చేస్తారు? ప్రయోగం సరిగా రాలేదని పక్కవాడి రీడింగ్ చూసి రాసుకుంటారు. మనమూ అలాగే చేశాం కదా ఒకప్పుడు. వీళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. కండలో ఫాస్ఫరస్ విడిగా లేదేమో, దేనితోనో అతుక్కుని ఉండి, పరీక్షలోని ఆమ్లం తగిలాక నెమ్మదిగా విడిపోతోందేమో అని అనుమానించారు. అదే నిజమైంది. అతుక్కున్నది క్రియాటిన్‌తో. ఆ జంట పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. అదే సమయంలో ఇంగ్లండులోనూ ఎగిల్టన్ దంపతులు ఇదే పదార్థం జాడ పట్టుకున్నారు.

అది కండలో ఏం చేస్తుంది? స్కూల్ బస్సు కదిలిపోతోందని మీ అబ్బాయి సందు చివరిదాకా ఒక్క పరుగు తీశాడనుకోండి. ఆ మొదటి కొన్ని సెకన్లకి కావలసిన శక్తి పొద్దున తిన్న ఇడ్లీ నుంచి అప్పటికప్పుడు రాదు. ఇడ్లీ బ్యాంకులో వేసిన డబ్బులాంటిది, తీయడానికి టైం పడుతుంది. చేతిలో ఉన్న చిల్లర ఏటీపీ. చిల్లర అయిపోగానే నింపడానికి జేబులో ఉన్న సంచి ఫాస్ఫోక్రియాటిన్. ఆ చిల్లర, అంటే ఏటీపీ కూడా 1929లో వీళ్లిద్దరి చేతికే చిక్కింది. జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడాది కాస్త ముందుగా ప్రకటించడంతో పుస్తకాల్లో ఆయన పేరు ముందు కనిపిస్తుంది.

ఈ చిల్లర లెక్క ఎంత పెద్ద మార్పు తెచ్చిందంటే, కండ కదలడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అప్పటిదాకా అందరూ నమ్మేవాళ్లు. ఆ దారిలో పనిచేసిన హిల్, మేయర్‌హోఫ్‌లకి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కొన్నేళ్లకే ఆ వివరణను సరిదిద్దుకోక తప్పలేదు. ఇదంతా ఒక పరీక్షనాళికలో రంగు ఆలస్యంగా రావడం నుంచి మొదలైంది. చార్టు మీద బాణం చివర ఫాస్ఫోక్రియాటిన్ అని రాస్తే ఇందులో ఒక్క ముక్కా కనబడదు.

చెప్పుకోని మనిషి

1930లో హార్వర్డ్ పీహెచ్‌డీ వచ్చింది. స్థిరమైన ఉద్యోగం మాత్రం రాలేదు. ఇంకో పదేళ్లు ఫిస్క్ నీడలోనే గడిచాయి. ఆ ప్రయోగశాలలో పనిచేసిన జార్జ్ హిచింగ్స్, తర్వాత 1988లో నోబెల్ అందుకున్నాయన, ఒక విషయం బయటపెట్టారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలు ఫిస్క్ వెలుగులోకి రానివ్వకపోవడం వల్ల, వాటిని వేరేవాళ్లు ఏళ్ల తర్వాత మళ్లీ మొదటి నుంచి కనుక్కోవాల్సి వచ్చిందట. సుబ్బారావు గారు దీని గురించి గొడవపడినట్టు లేదు. పత్రికలవాళ్లని దగ్గరికి రానిచ్చేవారు కాదు. వేదిక ఎక్కడం ఇష్టం లేదు. వినయం మంచిదే. అయితే ఈ జీవితాన్ని చదివిన ప్రతిసారీ నాకు అనిపిస్తుంది, కొంత నష్టం ఆ వినయం వల్ల కూడా జరిగిందేమోనని. ఆయనకి జరిగిన నష్టం సంగతి అలా ఉంచితే, దాచబడిన ఫలితం కోసం మళ్లీ పనిచేసినవాళ్ల ఏళ్లు పోయాయి కదా.

1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లారు. రెండేళ్లలో పరిశోధన విభాగం మొత్తానికి డైరెక్టర్. అక్కడ ఎనిమిదేళ్లు. ఆయన చార్టులోని నాలుగు బాణాలు ఆ ఎనిమిదేళ్లవే.

కాలేయం నుంచి పాలకూర దాకా

1926లో బోస్టన్ డాక్టర్లు మైనాట్, మర్ఫీ ఒక ప్రాణాంతకమైన రక్తహీనతకి కాలేయం తినిపిస్తే తగ్గుతోందని చూపించారు. రోగులు రోజూ బోలెడంత కాలేయం తినాలి. కాలేయంలో ఉన్న ఆ మందు ఏదో విడదీయగలిగితే చాలని లోకమంతా వెతుకులాట. సుబ్బారావు గారు హార్వర్డ్‌లో ఉండగానే ఆ వెతుకులాటలో దిగారు. మరోవైపు లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయికి వచ్చి, మిల్లు కార్మికుల కుటుంబాల గర్భిణుల్లో వచ్చే రక్తహీనతకి ఈస్ట్ సారం పనిచేస్తోందని గమనించారు. 1941లో టెక్సస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఇలాంటి పదార్థమే తీసి, ఆకు అని అర్థం వచ్చే లాటిన్ మాట నుంచి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. కాలేయం, ఈస్ట్, పాలకూర. మూడు దారులూ ఒకే చోటికి వస్తున్నాయని క్రమంగా తేలింది.

1945లో లెడర్లీ బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. 1946లో దాని నిర్మాణాన్ని వివరిస్తూ సైన్స్ పత్రికలో వచ్చిన వ్యాసం మీద పదహారు పేర్లున్నాయి. సుబ్బారావు పేరు మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఇక టన్నుల కొద్దీ పాలకూర అక్కర్లేదు, మాత్ర చాలు.

తమాషా ఏమిటంటే వాళ్లు వెతికింది దొరకలేదు. ఆ ప్రాణాంతక రక్తహీనతకి అసలు మందు ఫోలిక్ యాసిడ్ కాదు, విటమిన్ బి12. అది 1948లో వేరేవాళ్లకి దొరికింది. ఫోలిక్ యాసిడ్ బాగా పనిచేసిన జబ్బుల్లో ఒకటి ఏదో తెలుసా? స్ప్రూ. ఎనిమిది రోజుల్లో ఇద్దరు తోబుట్టువుల్ని తీసుకుపోయిన జబ్బు.

ఇక్కడ ఒక జాగ్రత్త. అన్నదమ్ముల్ని చంపిన జబ్బు మీద పగబట్టి మందు కనిపెట్టాడని చెబితే సినిమాలా ఉంటుంది, పిల్లలు కళ్లప్పగించి వింటారు కూడా. జరిగింది అది కాదు. వెతికింది ఒకదాని కోసం, దొరికింది మరొకటి, అది వచ్చి ఆయన ఇంటి జబ్బుకే పనికొచ్చింది. నాకు ఈ నిజమే ఎక్కువ బాగుంది. కథ చెప్పాలనే ఉత్సాహంలో ఇలాంటి చోట్ల మనం కాలు జారుతుంటాం. ఆరియోమైసిన్ విషయంలోనూ అంతే. దాన్ని సుబ్బారావు కనిపెట్టాడని మన చార్టులన్నీ రాస్తాయి. నిజానికి మిస్సోరి విశ్వవిద్యాలయం పొలం మట్టిలోంచి వచ్చిన పసిడి రంగు సూక్ష్మజీవిలో ఆ మందుని పట్టుకున్నది బెంజమిన్ డగ్గర్. డెబ్భై దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు, వేరే చోట రిటైరై వచ్చినవాడు. ఆ వయసు మనిషిని పనిలో ఉంచి, ఊరూరి మట్టి తెప్పించి పరీక్షిస్తున్న విభాగానికి పెద్ద సుబ్బారావు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటి మందు. ఈ కథలో ఇద్దరికీ చోటుంది, ఒకరిని చెరిపేసి మరొకరిని నిలబెట్టాల్సిన పని లేదు.

దొంగ తాళంచెవి

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఉండేవారు. బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లలు వారాల్లో, నెలల్లో చనిపోయేవారు. చేయగలిగింది ఏమీ లేని రోజులవి. ఫోలిక్ యాసిడ్ రక్తాన్ని బాగుచేస్తుంది కదా అని, లెడర్లీ పంపిన ఫోలిక్ సంబంధ పదార్థాలు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా ఇంకా ఉరకలేసినట్టు కనిపించింది.

ఇంతకన్నా భయంకరమైన ఫలితం ఏ డాక్టరుకైనా ఉంటుందా? ఫార్బర్ దాన్ని తలకిందులు చేసి చూశారు. ఫోలిక్ యాసిడ్ ఇస్తే క్యాన్సర్ కణం పెరుగుతోందంటే, అది దొరక్కుండా చేస్తే ఆ కణం ఆగాలి. దొరక్కుండా చేయడం ఎలా? తాళంలో తిరగని తాళంచెవి పెట్టి విరిస్తే అసలు తాళంచెవి కూడా దూరదు. అచ్చం ఫోలిక్ యాసిడ్‌లాగే కనబడుతూ, దాని పని మాత్రం చేయని పదార్థం కావాలి. లెడర్లీలో డోరిస్ సీగర్, ఆమె సహచరులు 1947లో అలాంటిదే తయారుచేశారు. పేరు అమినోప్టెరిన్. ఫార్బర్ దాన్ని పదహారు మంది పిల్లలకి ఇచ్చారు. పదిమందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ వార్త అచ్చయింది. తాత్కాలికమే, నెలల లెక్కే. కానీ పిల్లల బ్లడ్ క్యాన్సర్ మందుకి లొంగగలదని అంత స్పష్టంగా కనబడటం అదే మొదలు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ అదే జబ్బుకి వాడుతున్నారు, కీళ్లవాతానికి కూడా వాడుతున్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్లకి వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోమని డాక్టరు గట్టిగా చెప్పిన చిన్న మాత్ర ఉంటే అది ఇదే కావచ్చు.

ఇక మన గోదావరి సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్లిన అమెరికా సైనికులకి బోదకాలు పురుగు అంటుకుంది. మందు కోసం లెడర్లీలో వెతికితే 1947లో హెట్రజాన్ దొరికింది. మాత్రల మీద డైఇథైల్ కార్బమజైన్ అని ఉంటుంది, ఆరోగ్య సిబ్బంది డీఈసీ అంటారు. కాలువలు, మురుగు కోడులు, వాటి మీద పెరిగే దోమలు ఉన్న డెల్టాలో ఈ జబ్బు తరతరాలుగా ఉంది. మన చిన్నప్పుడు ప్రతి ఊళ్లో బోదకాలుతో అరుగు మీద కూర్చున్న పెద్దాయనో పెద్దావిడో ఉండేవారు. 2004 నుంచి దేశంలో జబ్బు ఉన్న జిల్లాల్లో అందరికీ ఒకేసారి ఈ మాత్రలు మింగించే కార్యక్రమం నడుస్తోంది. తూర్పు గోదావరిలోనూ ఆ కార్యక్రమం జరిగింది. అమెరికా సైనికుల కోసం చేసిన మందు భీమవరం మనిషి ప్రయోగశాల నుంచి తిరిగి తిరిగి గోదావరి లంకలకి చేరింది. మాత్ర ఇచ్చే ఆశా కార్యకర్తకి ఈ కథ ఎవరైనా చెప్పి ఉంటే, మాకేం జబ్బు లేదు మాకెందుకు అని తలుపేసుకునే ఇళ్లు కొన్నయినా తగ్గేవని నా నమ్మకం. మందు ఎలా పనిచేస్తుందో చెప్పే కరపత్రం కన్నా, ఇది మనవాడు చేయించిన మందు అనే ఒక్క మాట గడప దాటిస్తుంది.

కథ చెప్పినవాళ్లు

1948 ఆగస్టులో ఒకరోజు తెల్లవారేసరికి సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి పోయి ఉన్నారు. యాభై మూడేళ్లు. ఫార్బర్ వ్యాసం వచ్చి రెండు నెలలు. ఆరియోమైసిన్ లోకానికి తెలిసి కొద్ది వారాలు.

తర్వాత చాలా ఏళ్లు నిశ్శబ్దం. 1953లో ఒక కొత్త శిలీంధ్రానికి సుబ్బారోమైసెస్ అని పేరు పెట్టారు. అది తెలిసేది శిలీంధ్రాలు చదివేవాళ్లకే. ఎస్.పి.కె. గుప్తా అనే పత్రికా రచయిత ఏళ్ల తరబడి ఆయన జాడలు వెతికి, పాత సహోద్యోగుల్ని కలిసి, 1987లో జీవితచరిత్ర తెచ్చారు. శతజయంతి ఏడాది 1995లో తపాలా బిళ్ల వచ్చింది. 2010లో సిద్ధార్థ ముఖర్జీ క్యాన్సర్ చరిత్రని నవలలా చదివించే పుస్తకం రాసి, అందులో ఫార్బర్ పక్కన సుబ్బారావుని నిలబెట్టారు. ఆ పుస్తకానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. అంతకు ముందు ఆయన పేరు విననివాళ్లు లక్షలమంది దాంతో విన్నారు. కొత్తగా ఏ పరిశోధనా జరగలేదు, అరవై ఏళ్ల పాత పనే. చెప్పే మనిషి దొరికాడు, అంతే తేడా.

మన భాషలో ఈ విద్య కొత్తదేం కాదు. ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో భౌతికశాస్త్రవేత్తగా పనిచేసిన మహీధర నళినీమోహన్ గారు తెలుగు పిల్లల కోసం పుస్తకాలు రాస్తూ, వాటికి క్యాలెండర్ కథ, గ్రహణాల కథ అని పేర్లు పెట్టుకున్నారు. శాస్త్రం అనలేదు, కథ అన్నారు. పాత పుస్తకాల షాపులో దొరికితే వదలకండి.

ఇంట్లో చేసి చూడదగ్గ పని ఒకటి చెబుతాను. మీ అబ్బాయినో అమ్మాయినో ఏటీపీ, ఫాస్ఫోక్రియాటిన్ అనే మాటలు వాడకుండా ఆ నీలం రంగు సంగతి ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పమనండి. మధ్యలో ఆగితే సాయం చేయకండి, ఎక్కడ ఆగారో అక్కడే వాళ్లకి అర్థం కానిది ఉంటుంది. మేం తరగతిలో చేసి చూశాం. మొదటిరోజు ఎవరూ రెండు నిమిషాలు దాటలేదు.

చార్టు పెట్టిన అబ్బాయి కూడా ప్రయత్నించాడు. ఆదివారం మామ్మ గారి పక్కన కూర్చుని కాశీ అరటిపళ్ల నుంచి దొంగ తాళంచెవి దాకా చెప్పాడట. ఆవిడ మధ్యలో ఆపి రంగు ఎందుకు ఆలస్యమైందో రెండుసార్లు చెప్పించుకున్నారట. అంతా విన్నాక, అన్నీ బాగానే ఉన్నాయి, మరి ఆ శేషగిరి ఏమైంది అని అడిగారట. వాడి చార్టులో ఆ పేరు లేదు. సోమవారం వచ్చి నన్ను అడిగాడు. 1922లో భర్త ఓడెక్కాక ఆమె ఇక్కడే ఉండిపోయారని, ఆయన మళ్లీ ఇండియాకి రాలేదని, ఆమె ఆయన్ని మళ్లీ చూడలేదని చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, చార్టులో ఇంకో బాణం వేయడానికి చోటుందా అని అడిగాడు.